బోర్లా పడ్డదా, కూర్చున్నదా: తొలి ఏడాది డాక్టరు ఇచ్చే కాగితాన్ని ఎలా నింపాలి

మా నల్లగొండ వైపు పసిబిడ్డ ఎదుగుదలను వంటలతో గుర్తుపెట్టుకునే అలవాటు ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు చేసి వాడకట్టుకంతా పంచుతారు. తేదీలు ఎవరూ రాసుకోరు గానీ, పూటకొకరు వచ్చి చూసిపోయే ఇంట్లో బిడ్డ మెడ నిలపకపోతే ఎవరో ఒకరి కంట తప్పకుండా పడుతుంది. అమెరికాలో ఒక పడకగది అపార్టుమెంటులో ఆలుమగలిద్దరే బిడ్డను పెంచుతున్నప్పుడు అలా చూసే మనుషులు ఉండరు. ఇక్కడ ఆ పని చేసేది పిల్లల డాక్టరు మన చేతికిచ్చే ప్రశ్నల కాగితం. పంతొమ్మిదేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. కొత్తగా వచ్చిన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఆ కాగితం గురించి నన్ను తరచుగా అడుగుతారు కాబట్టి, నేను చేసిన తప్పుతో సహా తెలిసినదంతా రాస్తున్నాను.

పుట్టిన 3 నుంచి 5 రోజుల వయసులో ఒకసారి, తర్వాత 1, 2, 4, 6, 9, 12 నెలలకు బిడ్డను చూపించాలి. ఇవి టీకాల కోసమేనని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతిసారీ ఎదుగుదలను గమనిస్తారు, 9వ నెలలో దాన్ని ప్రత్యేకంగా పరీక్షిస్తారు. చాలాచోట్ల వాడే కాగితంలో ప్రతి ప్రశ్నకూ మూడు గడులు ఉంటాయి: అవును, అప్పుడప్పుడు, ఇంకా లేదు.

మా పాప ఆరో నెలలో, బిడ్డను పొట్ట మీద పడుకోబెడితే చేతులు నేలకు ఆనించి ఛాతీ పైకెత్తుతుందా అన్న ప్రశ్నకు నేను ‘అవును’ గడిలో గీత పెట్టాను. నిజం ఏమిటంటే, పాపను పొట్ట మీద పడుకోబెట్టిన రోజులే తక్కువ. ‘ఇంకా లేదు’ అని రాస్తే నా పెంపకంలో లోపం పట్టుకుంటారేమోనని, బిడ్డ పేరు మీద ఏదో మచ్చ పడుతుందేమోనని భయపడ్డాను. తొమ్మిదో నెలలో డాక్టరు పాపను బల్ల మీద కూర్చోబెట్టి చేతులు వదలగానే పక్కకు ఒరిగిపోయింది. ఆ మూడు నెలలు నా అబద్ధం వల్ల పోయినవే.

ఆ తర్వాత మా ఇంటికి ఒక థెరపిస్టు వచ్చింది. బొమ్మలేవీ తేలేదు. వంటింట్లోంచి ఒక స్టీలు గిన్నె, ఒక చెంచా అడిగి తీసుకుంది. దుప్పటి పరిచి, పాపను తన కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, గిన్నెను చేతికి అందీ అందనంత దూరంలో పెట్టింది. పాప ముందుకు వంగింది, పడబోయింది, ఎడమ చేతిని నేలకు ఆనించి నిలదొక్కుకుంది, కుడి చేత్తో చెంచా పట్టుకుని గిన్నె మీద కొట్టింది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి నా ముఖంలోకి చూసింది. రోజూ పూటకు పది నిమిషాలు అదే పని చేయించాము. పదకొండో నెల నిండకముందే ఏ ఆసరా లేకుండా కూర్చుంది.

పాప కూర్చోవడం ఆలస్యమవడానికి అసలు కారణం మా ప్రేమే. మా అమ్మ దేవరకొండ నుంచి వచ్చి ఆరు నెలలు ఉంది. సందర్శకుల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు మామూలుగా ఇచ్చే గడువు అంతే. ఆ ఆరు నెలలూ పాప ఆమె ఒడిలోనో, భుజం మీదనో ఉంది. నూనె రాసి, కాళ్ళు చాచుకుని వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది. అది బిడ్డకు హాయే. కానీ నేల మీద వదిలితే చలి అనేది. ఊరిలోనైతే చాపేసి పడుకోబెట్టేవాళ్ళం. ఇక్కడ బయట మంచు, లోపల సోఫా, కారు సీటు, ఊయల కుర్చీ. నిద్ర మాత్రం తప్పనిసరిగా వెల్లకిలా పడుకోబెట్టాలని డాక్టర్లు చెబుతారు, దానిలో రాజీ వద్దు. అందుకే మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చూస్తుండగా, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి రోజుల నుంచే పొట్ట మీద పడుకోబెట్టడం అవసరం. మొదట రెండు మూడు నిమిషాలు చాలు. ఏడిస్తే ఎత్తుకోండి, కాసేపాగి మళ్ళీ వేయండి.

కాగితంలోని ప్రశ్నలను మన ఇంటి భాషలోకి మార్చుకుని చదవాలి. ‘బై బై అని చెయ్యి ఊపుతుందా’ అంటే మన ‘టాటా’ లెక్కలోకి వస్తుంది. ‘మామా, దాదా అంటుందా’ అంటే మన పిల్లలు అనే ‘అత్తత్త, తాతాత’ కూడా అదే. తొమ్మిదో నెలలో చూసేది అర్థం లేకపోయినా అక్షరాలను వరసగా పలకడం, ఏడాదికి చూసేది అమ్మనో నాన్ననో గుర్తుపట్టి పిలవడం. మూత లేని కప్పుతో తాగుతుందా అంటే, మీరు పట్టుకుంటే చిన్న స్టీలు గ్లాసుతో తాగినా సరిపోతుంది. ఎప్పుడూ చేయించి చూడని పనికి ఊహించి గీత పెట్టకండి, ఇంట్లో రెండు రోజులు చేయించి చూసి రాయండి. ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోతే ఆసుపత్రిలో తెలుగు దుభాషీని అడగండి. చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా ఫోనులో కలుపుతారు.

మాటలు ఆలస్యమవుతాయని భయపడి బిడ్డతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడే తల్లులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆగిపోవు. మీకు అలవోకగా వచ్చే తెలుగులోనే రోజంతా మాట్లాడండి. పద్దెనిమిది నెలల లోపు తెరలు వద్దనే డాక్టర్లు కూడా వీడియో కాల్‌ను ఆ లెక్కలో వేయరు, కనుక నాయనమ్మను రోజూ చూపించండి.

మాటల కోసమని వస కొమ్మును తేనెలో అరగదీసి నాలుకకు రాయడం మాత్రం మానండి. వసపిట్టలా మాట్లాడాలన్న ఆశ నాకు తెలుసు. కానీ ఏడాది లోపు బిడ్డకు తేనె బొట్టు కూడా ఇవ్వకూడదు. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. వసను ఆహారంలో కలపడాన్ని ఈ దేశం 1968 నుంచే నిషేధించింది. ఊరి నుంచి తెచ్చిన కాటుకలో సీసం ఉండవచ్చు, అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బిడ్డను లోపల కూర్చోబెట్టే చక్రాల వాకరు కొనకండి. అది నడకను త్వరపెట్టదు, మెట్ల మీద నుంచి పడిపోయే ప్రమాదం ఉంది. కెనడా 2004లో దాన్ని పూర్తిగా నిషేధించింది. మన వడ్లాయన చేసే మూడు చక్రాల తోపుడు బండి వేరు, పట్టుకుని నిలబడడం వచ్చాక మీ ఎదుట దాన్ని తోసుకుంటూ నడవనివ్వచ్చు.

మా అత్తమ్మది మర్రిగూడ మండలం. ఫ్లోరైడు నీళ్ళతో కాళ్ళు వంకర పోయిన మనుషులను చూస్తూ పెరిగిన ఆమె, పాప ఏడాదికి కూడా నడవకపోతే ముందు ఇక్కడి నీళ్ళను అనుమానించింది. ఇక్కడ నీళ్ళలో కలిపే ఫ్లోరైడు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. ఆ సంగతి చెప్పి ఆమెను ఊరడించాము. పాప పదహారో నెలలో నడిచింది, అది కూడా మామూలు వయసే.

ఏ వయసుకు పిల్లలు ఏ పనులు చేస్తారో చెప్పే పట్టికను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించింది. అంతకుముందు సగం మంది పిల్లలు చేసే పనులను రాసేవారు. ఇప్పుడు నూటికి కనీసం 75 మంది ఆ వయసుకు చేసేవే రాస్తున్నారు. దోగాడటాన్ని తీసేశారు, కొందరు దోగాడకుండానే నిలబడతారు. కనుక ఈ పట్టికలో ఏదైనా రాకపోతే ‘మా వంశంలో అందరూ ఆలస్యమే’ అని సర్దిచెప్పుకోకుండా అడగండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ముందుగా పుట్టినన్ని వారాలు తీసేసి లెక్కవేయండి. బిడ్డ ఒకసారి నేర్చుకున్న పనిని మరిచిపోయినా, ఒక చెయ్యే వాడుతున్నా, చప్పుడుకు తిరగకపోయినా తర్వాతి అపాయింటుమెంటు దాకా ఆగవద్దు.

మూడేళ్ళ లోపు పిల్లల కోసం ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. పరీక్ష ఉచితం. డాక్టరు చీటీ అక్కరలేదు, తల్లే నేరుగా ఫోను చేయవచ్చు. మీ సంతకం లేకుండా పరీక్ష మొదలుపెట్టరు. మీరు అడిగిన రోజు నుంచి 45 రోజుల్లో పరీక్ష, అర్హత ఉంటే తొలి సమావేశం పూర్తి కావాలి కాబట్టి, ఫోను చేసిన తేదీని, మాట్లాడినవారి పేరును అప్పుడే గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.