ఆదివారం రాత్రి మొదలుపెట్టే ఎస్సే

ప్రశ్న: మాది గుంటూరు. బీఎస్సీ బీజెడ్‌సీ చదివాను. పెళ్లయి డాలస్ దగ్గరికి వచ్చి తొమ్మిదేళ్లయింది. నర్సింగ్ చెయ్యాలని ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ముందుగా చదవాల్సిన కోర్సులు మొదలుపెట్టాను. అందులో ఇంగ్లిష్ కాంపోజిషన్ పూర్తిగా ఆన్‌లైన్, ఎనిమిది వారాలు. దాంతోపాటు అనాటమీ, అది పదహారు వారాలు. పిల్లలకి ఏడేళ్లు, నాలుగేళ్లు. చిన్నది సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ప్రీస్కూల్‌కి వెళ్తుంది. మిగతా వారమంతా ఇంటిపనే. అందుకే ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. మొదటి వారం డిస్కషన్‌కి సగం మార్కులే వచ్చాయి. గురువారం పెట్టాల్సింది ఆదివారం పెట్టానట. అసలు నాకు ఇంగ్లిషే రాదేమో అనిపిస్తోంది. పైగా ఏడో వారంలో, అంటే అక్టోబర్‌లో, తమ్ముడి నిశ్చితార్థానికి ఇండియా వెళ్లాలి. ఈ పనంతా వారంలో ఎలా సర్దుకోవాలి? మొదటి ఎస్సే డ్రాఫ్ట్ జతచేస్తున్నాను. రెండోది రెటొరికల్ అనాలిసిస్ అట.

జవాబు: ముందు ఆ ఇంగ్లిష్ సంగతి తేల్చేద్దాం. మీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఆర్టికల్స్ అక్కడక్కడ జారాయి, టెన్స్ రెండుచోట్ల తిరగబడింది. ఈ కోర్సులో పోయే మార్కులు వీటివల్ల కాదు. మొదటి మూడు పేరాలూ 'అమెరికా అవకాశాల దేశం' అనే సోదే. నాలుగో పేరాలో ఒక్క వాక్యం ఉంది: పాపకి జ్వరమొస్తే మందుల షాపు కౌంటర్‌లో పారాసిటమాల్ అడిగారు, వాళ్లకి అర్థం కాలేదు, ఇక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారని అప్పుడు తెలిసింది. ఒక చేత్తో ఒళ్లు కాలిపోతున్న పిల్ల, ఇంకో చేత్తో ఫోన్‌లో స్పెల్లింగ్. మీ ఎస్సే అక్కడ మొదలవ్వాలి. రేపు మీరు నర్సయ్యాక మీ ముందుకి అలాంటి తల్లే వచ్చి నిలబడుతుంది. ఆదివారం రాత్రి పదకొండింటికి ఆ వాక్యం దాకా వచ్చేసరికి మీకు నిద్రొచ్చేసింది, అందుకే అది ఒక్క వాక్యంగా మిగిలిపోయింది. సోమవారం రాసుంటే బుధవారానికి మీకే కనపడేది.

మనం చదువుకున్న పద్ధతి వేరు కదా. ఏడాదంతా వినడం, చివర్లో గైడు ముందేసుకుని పదిరోజులు కూర్చోవడం. బోటనీకి అది నడిచింది. రాతకి నడవదు. ఈరోజు రాసింది బాగానే ఉందనిపిస్తుంది, రెండు నిద్రలు చేసి చదివితే ఏది సోదో, ఏది సరుకో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. అందుకని మీ టైమ్‌టేబుల్‌లో గంటలకంటే ముందు వెతకాల్సింది డ్రాఫ్ట్‌కీ దిద్దుబాటుకీ మధ్య రెండు రాత్రులు ఉన్నాయా లేవా అన్నది.

సరే, గంటల లెక్క కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎనిమిది వారాల కోర్సు అనగానే తేలిగ్గా అయిపోతుందనుకుని చేరినవాళ్లు చాలామంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ఒక క్రెడిట్ అవర్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి బయట కనీసం రెండు గంటల పని, సుమారు పదిహేను వారాలపాటు. మూడు క్రెడిట్ల కోర్సుకి 135 గంటలన్నమాట. పదహారు వారాలకి పరిస్తే వారానికి ఎనిమిదిన్నర, ఎనిమిది వారాల్లో కుక్కితే దాదాపు పదిహేడు. పైగా ఇది టెక్సస్‌లో ఇంగ్లిష్ 1301 అని కమ్యూనిటీ కాలేజీలన్నిట్లోనూ ఒకే నంబర్‌తో నడిచే కోర్సు. వారాలు తగ్గాయని చదవాల్సింది తగ్గించరు.

కోర్సు మార్చుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ నేనే చెప్తాను. రేపే అడ్వైజర్‌కి ఫోన్ చేసి మీ కోర్సు సెన్సస్ తేదీ (క్లాసులో ఎంతమంది ఉన్నారో కాలేజీ అధికారికంగా లెక్కగట్టే రోజు) ఎప్పుడో కనుక్కోండి. అది దాటకపోతే ఇప్పుడు వదిలేసినా ట్రాన్‌స్క్రిప్ట్‌లో మచ్చ ఉండదు, ఆలస్యంగా మొదలయ్యే సెక్షన్ ఉంటే దాంట్లోకి మారొచ్చు. దాటిపోతే మాత్రం తొందరపడి డ్రాప్ చెయ్యకండి. టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో 2007 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి మొదటిసారి చేరిన డిగ్రీ విద్యార్థులు మామూలుగా మొత్తం చదువులో ఆరు కోర్సులకి మించి డ్రాప్ చెయ్యడానికి లేదు. మీకు ఇప్పటికే బీఎస్సీ ఉంది కాబట్టి ఇది మీకు వర్తిస్తుందో లేదో అడ్వైజర్‌నే అడగండి. వర్తిస్తే, అనాటమీలాంటి కోర్సులు ఇంకా ముందున్నాయి, ఆ ఆరింటిలో ఒకటి ఇంగ్లిష్‌కి ఖర్చుపెట్టడం దండగ. చాలా నర్సింగ్ ప్రోగ్రాముల్లో సీటు ఈ ముందు కోర్సుల జీపీఏ (సగటు గ్రేడు) కూడా చూసి ఇస్తారు కాబట్టి 'పాసైతే చాలు' అనే లెక్కా పనికిరాదు.

ఇక వారం. మీకు వారం ఆదివారంతో ముగుస్తుందనుకుంటున్నారు. నిజానికి మీ కోర్సులో రెండు గడువులున్నాయి: గురువారం రాత్రి మొదటి పోస్ట్, ఆదివారం రాత్రి ఇద్దరికి జవాబులూ మిగతా పనీ. గురువారంది ఎందుకు పెట్టారంటే, మీరు ముందు మాట్లాడితేనే కదా అవతలివాళ్లకి జవాబివ్వడానికేదన్నా ఉండేది. క్లాసులో అందరూ ఆదివారం రాత్రే పెడితే అది చర్చ అవ్వదు.

సోమవారం చిన్నదాన్ని దింపి ఇంటికొచ్చాక గిన్నెలు ముట్టుకోకండి. ఈ సలహా ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, రెండు వారాల తర్వాత అదొక్కటే పనిచేసిందంటారు. తొమ్మిదింపావుకి కాన్వాస్ (మీ కోర్సు నడిచే వెబ్‌సైట్) తెరిచి ఆ వారం మాడ్యూల్‌లో అసైన్‌మెంట్ ప్రాంప్ట్ (ఏం రాయాలో చెప్పే ప్రశ్న), దాని కింద ఉండే రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) ప్రింట్ తీసుకోండి. ప్రాంప్ట్‌లో క్రియల కింద పెన్నుతో గీత గియ్యండి. 'వివరించు' అంటే ఒకటి, 'విశ్లేషించు' అంటే ఇంకొకటి. మన పరీక్షల్లో ఈ రెండింటికీ ఒకటే జవాబు రాసి పాసైపోయేవాళ్లం. ఇక్కడ రచయిత ఏం చెప్పాడో రాస్తే అది సారాంశం, ఎలా చెప్పి మనల్ని ఒప్పించాడో రాస్తేనే విశ్లేషణ. మీ రెండో ఎస్సే రెటొరికల్ అనాలిసిస్ అన్నారు, అంటే ఈ విశ్లేషణే, సగంమంది బోల్తాపడేది అక్కడే. తర్వాత గంటన్నర పాఠం చదవడం, మిగిలిన అరగంటలో డిస్కషన్‌కి ఏమనిపించిందో ముడిగా రాసిపడెయ్యడం. తెలుగులో తోస్తే తెలుగులోనే నోట్స్ రాసుకోండి, తప్పేం లేదు. కానీ తెలుగు పేరా మొత్తం రాసి ట్రాన్స్‌లేటర్‌లో వేసి తియ్యకండి. ఆ ఇంగ్లిష్‌కి మీ గొంతు ఉండదు, ప్రొఫెసర్‌కి అనుమానం మాత్రం వస్తుంది.

బుధవారం గంటన్నర చాలు. ముడిసరుకుని రెండువందల యాభై మాటలకి దిద్ది అప్పుడే పోస్ట్ చెయ్యండి. గురువారం పిల్లాడికి జ్వరమొచ్చినా, ఇంటర్నెట్ పోయినా మీకు భయముండదు. బుధవారం మిగిలిన టైము అనాటమీకి.

శుక్రవారం మూడు గంటలు ఎస్సేకే. ఆ రోజు రాసేది చెత్తగా ఉంటుంది, ఉండనివ్వండి. మొదటి పేరా దగ్గర ఆగిపోయి దాన్నే ఇరవైసార్లు దిద్దే అలవాటు మీకుందని డ్రాఫ్ట్ చూస్తేనే తెలుస్తోంది, పై పేరా నున్నగా ఉండి కింద పేరాలు పొడిపొడిగా ఉన్నాయి. అందుకే మధ్యలోంచి మొదలుపెట్టండి. మందుల షాపు సంగతి ముందు రాసెయ్యండి, ఉపోద్ఘాతం చివర్లో చూసుకోవచ్చు. ఎవరి మాటైనా వాడుకుంటే పేరు, పేజీ నంబరు అక్కడికక్కడే బ్రాకెట్‌లో వేసేసుకోండి. మనకి చిన్నప్పుడు పెద్దల మాట పేరు చెప్పకుండా వాడితే అందం, ఇక్కడ దొంగతనం. మీ కోర్సు ఎం.ఎల్.ఏ. పద్ధతి (ఎవరి మాట ఎక్కడిదో చూపించడానికి వాడే నియమాలు) కాబట్టి 2021లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్ చూడండి, పర్డ్యూ యూనివర్సిటీ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌లో ఉదాహరణలన్నీ ఉచితంగా ఉంటాయి.

శుక్రవారం మధ్యాహ్నమే ఆ డ్రాఫ్ట్‌ని కాలేజీ రైటింగ్ సెంటర్‌కి (విద్యార్థుల రాత చదివి సలహా ఇచ్చేచోటు) పంపడమో, ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడమో చెయ్యండి. ఫీజు అడగరు, కానీ జవాబు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, శని ఆదివారాలు ఉంటారో లేదో కూడా చూసుకోవాలి. ఆదివారం రాత్రి రాసేవాళ్లకి రైటింగ్ సెంటర్ ఉన్నా లేనట్టే. మీ వారికి చూపించొద్దని కాదు గానీ, దిద్దమని మాత్రం ఇవ్వకండి. చాలా ఇళ్లల్లో చూశాను. ఆయన ఆఫీసు ఈమెయిల్ ఇంగ్లిష్‌లోకి మార్చి పెడతారు, మందుల షాపులో మీ చెయ్యి వణికిన సంగతి ఎగిరిపోతుంది. ఆయన్ని ఇంకో పనికి వాడుకోండి: శనివారం పొద్దున నాలుగు గంటలు పిల్లల్ని చూసుకోమనండి, మీరు పబ్లిక్ లైబ్రరీకి వెళ్లిపోండి. అక్కడ మూడు గంటలు వచ్చేవారం పాఠం, ఇద్దరు క్లాస్‌మేట్లకి జవాబులు. జవాబంటే 'నేనూ ఒప్పుకుంటాను, చాలా బాగా రాశారు' కాదు. వాళ్ల పోస్ట్‌లో ఒక్క వాక్యం పట్టుకుని, అది మీ అనుభవంతో ఎక్కడ కలిసిందో, ఎక్కడ తేడా వచ్చిందో రాయండి. నాలుగు వాక్యాలు చాలు.

శనివారం శుక్రవారం రాసిన ఎస్సే తెరవకండి. ఆదివారం మధ్యాహ్నం వంటయ్యాక గంటసేపు గట్టిగా పైకి చదవండి. ఊపిరాడని చోట వాక్యం పొడుగైనట్టు, నాలుక తడబడిన చోట మాట తప్పినట్టు. దిద్ది సాయంత్రం ఆరింటికల్లా అప్‌లోడ్ చేసేస్తే, ఆ రాత్రి పిల్లలతోపాటే పడుకోవచ్చు.

ఇదంతా కలిపితే పదకొండు పన్నెండు గంటలొచ్చింది, పదిహేడు కాదు. తేడా ఎస్సే వారాల్లో కనపడుతుంది, ఆ వారాలకి మంగళ, గురువారాల రాత్రులు గంటన్నరేసి కలుపుకోండి. మామూలు వారాల్లో రాత్రులు అనాటమీకి. ఎముకల పేర్లు నిద్రమత్తులో కూడా వల్లెవెయ్యొచ్చు, పేరా కట్టడం కుదరదు.

రాసేదంతా మొదటినుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి. ఏఐతో రాయించారనే అనుమానం ఈ రోజుల్లో ఎవరిమీదైనా వస్తుంది, ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్నవాళ్లయితే మరీ హడలిపోతారు. సోమవారం నోట్సు, శుక్రవారం చెత్త, ఆదివారం దిద్దుబాట్లు అన్నీ వెర్షన్ హిస్టరీలో తేదీలతో ఉంటే మీరు నోరు తెరవకుండానే సాక్ష్యం. గ్రామర్ సరిచేసే టూల్స్ వాడొచ్చో లేదో సిలబస్‌లో ఉంటుంది. లేకపోతే ప్రొఫెసర్‌నే అడగండి.

అడిగేటప్పుడు 'రెస్పెక్టెడ్ మేడమ్', 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' వద్దు. డియర్ ప్రొఫెసర్ అని ఇంటిపేరు, కోర్సు, సెక్షన్ నంబరు, రెండు వాక్యాల్లో విషయం. మొదటి వారం పోయిన సగం మార్కులు తిరిగివ్వమని రాయకండి, నియమం ముందే సిలబస్‌లో ఉంది. రాయాల్సింది ఏడో వారం గురించి, అదీ ఇప్పుడే. గడువు దాటాక చెప్పే కారణం ఎంత నిజమైనా సాకులాగే ఉంటుంది, అయిదు వారాల ముందు చెబితే అది ప్లాను. ఆ వారం మాడ్యూల్ ముందుగా తెరిచి ఇవ్వగలరా అని అడగండి. ఇవ్వకపోయినా, ఆ వారం ఏ ఎస్సే ఉందో సిలబస్‌లో ఉంటుంది కాబట్టి దాని చెత్త డ్రాఫ్ట్ విమానం ఎక్కకముందే అయిపోవాలి.

ఇండియాలో టైము గురించి ఒక మాట, ఇది నా సొంత దెబ్బ. కొన్నేళ్లకిందట నేనూ ఇలాంటి ఆన్‌లైన్ కోర్సు చేస్తూ విజయవాడ వెళ్లాను. ఆదివారం 11:59 అని చూసి అక్కడి ఆదివారం రాత్రే అనుకుని, పెళ్లి భోజనాల మధ్యలోంచి లేచి మేడమీదకి పరిగెత్తి, సగం సగం రాసి పంపించేశాను. తీరా చూస్తే ఇంకా పది గంటల పైనే టైముంది. అక్టోబర్‌లో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటలు తేడా, అంటే మీ గడువు గుంటూరులో సోమవారం పొద్దున 10:29. కాన్వాస్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మార్చకుండా డాలస్‌దే ఉంచి, గుంటూరు టైము ఒక చీటీమీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకోండి. నిశ్చితార్థం ఏ రోజైనా, శుక్రవారం పని బుధవారానికి, ఆదివారం దిద్దుబాటు శనివారానికి జరిపేసుకోండి. చుట్టాలు వచ్చాక ఆ ఇంట్లో మీకు తలుపేసుకునే గది దొరకదు.