నవల రాయడానికి ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడు. ఎప్పటినుంచో ఒక నవల రాస్తున్నాను, 22,000 పదాల దగ్గర ఆగిపోయింది. పిల్లలు పడుకున్నాక కూర్చుంటే గంటకి మూడు నాలుగు వందల పదాలు పడతాయి, కానీ అలాంటి రాత్రి వారానికొకటి దొరికితే గొప్ప. ఏడాది పాటు ఉద్యోగం మానేసి, బాబుని డేకేర్ మాన్పించి ఖర్చు తగ్గించుకుని, దాచుకున్న డబ్బుతో నెట్టుకొచ్చి నవల పూర్తి చేయాలని ఉంది. మా ఆయన సరే అంటున్నారు కానీ మొహంలో టెన్షన్ కనిపిస్తోంది. డబ్బు కడితే పుస్తకం వేసిపెడతామని ఒక సంస్థ ప్యాకేజీ కూడా పంపింది. ఏం చేయమంటారు? (ఉత్తరంలో కొంత భాగమే ఇక్కడ ఇచ్చాం.)

జవాబు: మానేయొద్దండి. కనీసం ఇప్పుడే వద్దు. నవల మాత్రం మానొద్దు, దానికి డబ్బు ఖర్చు పెట్టమనే చెబుతాను, అయితే మీరనుకున్న చోట కాదు.

మీరు పంపిన అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టడం బాగోదు కాబట్టి, ఇద్దరి జీతాలూ కలిపి నెలకి ఇంటికొచ్చేది 100 అనుకుందాం. అందులో ఆయనది 58, మీది 42. ఇంటి లోను వాయిదా, స్కూలు ఫీజు, డేకేర్, మిగతా ఖర్చులన్నీ కలిపి 82 పోతోంది. 18 మిగులుతోంది. అవసరమైతే రేపే తీసుకోగలిగిన డబ్బు 400 ఉంది. చాలామంది కంటే మీరు నయం.

మీరు మానేస్తే వచ్చేది 58, పోయేది 82. నెలకి 24 లోటు, ఏడాదికి 288. ఆ 400లోంచి ఇది తీసేస్తే మిగిలేది 112, అంటే నెలా పది రోజుల ఇంటి ఖర్చు. ఆ సమయంలో ఆయన ఉద్యోగానికి ఏదైనా అయితే? ఆయన మొహంలో మీకు కనిపిస్తున్నది ఈ లెక్కే, ఆయన కాగితం మీద వేసుకోలేదు అంతే. పైగా ఇన్నాళ్లూ నెలకి 18 చొప్పున దాస్తున్నారు కదా, అది కూడా ఆగిపోతుంది, ఏడాదికి 216. రెండూ కలిపితే 504, మీ పన్నెండు నెలల జీతం సరిగ్గా. మీ ఆఫీసు వాళ్లిచ్చే ఆరోగ్య బీమా కూడా మీ రాజీనామాతోనే పోతుంది, పిల్లలిద్దరూ దాని మీదే ఉన్నారని మీరే రాశారు.

డేకేర్ మాన్పిస్తే నెలకి 8 తగ్గుతుందన్నారు. కాగితం మీద నిజమే. కానీ మూడేళ్ల పిల్లాడు పొద్దున్నుంచీ ఇంట్లో ఉంటే రాసేదెవరు? మావాడు ఆ వయసులో ఉన్నప్పుడు ఒక శనివారం ఇంట్లో కూర్చుని ఒక క్లయింటు లెక్కలు పూర్తి చేద్దామనుకున్నాను, వాడు నా కాలిక్యులేటర్ తీసుకుపోయి చెవికి పెట్టుకుని, అవతలి నుంచి ఎవరూ పలకడం లేదని ఏడుపు మొదలుపెట్టాడు. గంటన్నర పోయింది. ఆ క్లయింటు లెక్క సోమవారం ఆఫీసులోనే అయింది. రాయడం కోసం ఉద్యోగం మానేసి, డబ్బు కలిసొస్తుందని పిల్లల సంరక్షణ కూడా మాన్పించిన వాళ్లని నేను చూశాను, ఏడాది తిరిగేసరికి వాళ్ల దగ్గర జీతమూ లేదు, పేజీలూ లేవు. కాబట్టి ఆ 8ని మాత్రం ముట్టుకోకండి.

ఇప్పుడు అసలు లెక్క. మీ నవల 60,000 పదాలు అవుతుందన్నారు. మిగిలింది 38,000. గంటకి 350 చొప్పున వేసుకుంటే దాదాపు 110 గంటలు. ఏడాది ఉద్యోగం మానేస్తే ఖాళీ అయ్యేది సుమారు 1,900 గంటలు. 110 గంటల పనికి 1,900 గంటలు టోకున కొంటున్నారు, అదీ మీ జీతం మొత్తం పోసి. తిరగరాయడం ఉంటుంది కదా అంటారు, ఉంటుంది, తప్పకుండా ఉంటుంది, మూడు రెట్లు వేసుకోండి, 330. అప్పుడు కూడా అందులో ఆరో వంతే. రోజుకి ఎనిమిది గంటల చొప్పున నెలల తరబడి కల్పన రాయగలిగినవాళ్లు చాలా అరుదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, నవల క్యాలెండర్ చూసుకుని పూర్తవదు. 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' రాసిన అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ సంగతి చూడండి. న్యూయార్క్‌లో విమానాల టికెట్లు రిజర్వు చేసే ఉద్యోగం చేసుకుంటుంటే, 1956 క్రిస్మస్‌కి స్నేహితులు ఏడాది జీతమంత డబ్బు చేతిలో పెట్టి, పని మానేసి రాసుకో అన్నారు. ఆవిడ రాశారు కూడా, 1957లో ప్రచురణకర్తలు తీసుకున్నారు. కానీ దాన్ని తిరగరాయడానికే ఇంకో రెండేళ్ల పైన పట్టి, పుస్తకం 1960 జులైలో వచ్చింది. ఆవిడకి పెళ్లీ పిల్లలూ లేరు. ఒక్క ఏడాదిలో తేలిపోతుందని మీరు బడ్జెట్ వేసుకుంటే, పదమూడో నెలలో చేతిలో చిత్తుప్రతి, బ్యాంకులో నెలా పది రోజుల డబ్బు ఉంటాయి.

నాకు, అంటే డబ్బు లెక్కలు చూసే వృత్తి వాడికి, నచ్చే రచయిత ఆంథొనీ ట్రాలప్. ఇంగ్లండ్‌లో తపాలా శాఖ ఉద్యోగి, ఇద్దరు పిల్లల తండ్రి. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల దగ్గర ఉండేవాడు, గడియారం ముందు పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాసేవాడు, ఆ తర్వాతే ఆఫీసు. తనని లేపడానికి ఇంట్లో పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడట. ఆ 5 పౌండ్లే నాకు ముఖ్యం, ఎందుకంటే ఆయన రాతకి కావాల్సిన గంటల్ని డబ్బిచ్చి కొనుక్కున్నాడు. ఉద్యోగం ఎప్పుడు మానేశాడో తెలుసా? 1867లో, యాభై రెండేళ్ల వయసులో. అరవై దాకా ఆగితే ఎంత పెన్షన్ వచ్చేదో, అంత ఆదాయం వచ్చేలా సొంతంగా కూడబెట్టుకున్నాకే. మీరు ఎప్పుడు మానేయొచ్చు అని నన్నడిగితే ఇంతకంటే మంచి కొలమానం నా దగ్గర లేదు. (పావుగంటకి 250 పదాలతో మాత్రం పోటీ పెట్టుకోకండి, అది మనుషుల వేగం కాదు.)

మీ విషయానికొస్తే, వారానికి ఐదు గంటలు కావాలి. రెండు గంటలు ఆయనవి. సరే అన్నారు కదా, వారంలో రెండు రోజులు రాత్రి గంటసేపు పిల్లల్ని పడుకోబెట్టడం ఆయన చూసుకుంటారు, మీరు తలుపు వేసుకుంటారు. అలాగే ఆయనకీ వారంలో రెండు గంటలు మీరివ్వాలి, లేకపోతే మూడో నెలకి గొడవ మొదలవుతుంది. మిగతా మూడు గంటలు శనివారం, పిల్లల్ని చూసుకునే మనిషిని డబ్బిచ్చి పెట్టుకోండి. మీరు ఇంట్లో ఉండకండి, లైబ్రరీకో స్నేహితురాలి ఇంటికో పొండి. అమ్మ గదిలోనే ఉందని తెలిస్తే ఏ తలుపూ ఆగదు. దీనికి నెలకి 3 అవుతుంది. వారానికి ఐదు గంటల చొప్పున 110 గంటలు 22 వారాలు. జ్వరాలు, స్కూలు సెలవులు, ఏమీ తోచని శనివారాలు కలుపుకుని నలభై వారాలు అనుకోండి. ఏడాది లోపే.

ఇంకా సంపాదించని పని మీద నెలనెలా ఖర్చు పెట్టడం తప్పుగా అనిపిస్తోందని, పిల్లల డబ్బు తీస్తున్నట్టుందని రాశారు. మీ ఖర్చుల పట్టిక మొత్తం చూశాను, అందులో మీ ఒక్కరి కోసం పెట్టిన ఖర్చు ఏదీ నాకు కనపడలేదు. 100లో 3 పెట్టుకోండి.

మిగిలే 18లో 8ని వేరే ఖాతాలోకి మళ్లించండి, జీతం పడిన రోజే, దానికి నవల ఖాతా అని పేరు పెట్టుకోండి. అందులో 3 శనివారాలకి పోతుంది, 5 పోగవుతుంది. పదమూడు నెలలకి 65. ఆరు వారాలు జీతం లేని సెలవు పెడితే మీకు పోయేది 63. తిరగరాసేటప్పుడు ముక్కలు ముక్కలుగా కాకుండా ఏకబిగిన కూర్చోవాల్సి వస్తుంది, ఆ ఆరు వారాలు అప్పుడు వాడుకోండి, బాబు డేకేర్‌కి వెళ్తూనే ఉంటాడు. సెలవు సంగతి ఆఫీసులో ఇప్పటి నుంచే కదపండి. మిగతా 10 అత్యవసర నిధిలోకి, అంటే ఆ 400లోకి. అందులో ఆరు నెలల ఖర్చు ఉండాలి, అంటే 492, మీకింకా 92 తక్కువ, తొమ్మిది పది నెలల్లో నిండిపోతుంది. ఇద్దరికీ టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా), ఆఫీసుతో సంబంధం లేని ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి, నవల ఉన్నా లేకపోయినా.

ఇక ప్యాకేజీ. 90 అడుగుతున్నారు, మీ రెండు నెలల జీతం పైనే. మామూలు పద్ధతిలో ప్రచురణకర్తే ఖర్చు పెట్టుకుని రచయితకి రాయల్టీ ఇస్తాడు, అచ్చు పుస్తకానికి అది ఇంచుమించు ధరలో పదో వంతు ఉంటుంది, తక్కువా ఉండొచ్చు. అంటే వెయ్యి కాపీలు అమ్ముడైతే మీకొచ్చేది వంద కాపీల ధర. అడ్వాన్స్ ఇచ్చినా దాన్ని ఆ రాయల్టీలోనే మినహాయించుకుంటారు. అమెజాన్ వాళ్ల ఈ-బుక్ వేదిక కిండిల్‌లో సొంతంగా పెట్టుకుంటే (మీ నవల భాషని అది తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి) ధరనీ షరతుల్నీ బట్టి 35 లేదా 70 శాతం వస్తుంది, పెట్టడానికి ఫీజు లేదు. ఇలా ఉన్నప్పుడు, రాసినవాళ్లే డబ్బు కట్టాలంటే ముందు అనుమానించాలి. నా దగ్గరికొచ్చే ఒకాయన ఇలాంటి ప్యాకేజీయే తీసుకున్నారు. వాళ్ల మంచం కింద అట్టపెట్టెలు గోడ దాకా ఉన్నాయి, ఇల్లు ఊడ్చేటప్పుడల్లా వాటిని బయటికి లాగాలి, అందుకే వాళ్లావిడకి ఆ పుస్తకం అంటేనే కోపం. పంపిణీ మాదే అని మాటగా చెప్పారట, కాగితంలో ఆ ముక్కే లేదు. అసలు మీ నవల సగం కూడా కాలేదు, ఇప్పుడే అచ్చు ఖర్చు ఎందుకు కడతారు?

చివర్లో కొత్త లాప్‌టాప్ కొనాలా అని అడిగారు. ఉన్నది పనిచేస్తోందన్నారు కాబట్టి వద్దు, చిత్తుప్రతి పూర్తయ్యాక చూద్దాం. ఎవరైనా మంచి ప్రచురణకర్త ఒప్పందం పంపితే, హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నారు, అనువాదం, సినిమా హక్కులు ఎవరివి, పుస్తకం అమ్మకంలో లేకుండా పోతే హక్కులు మీకు ఎప్పుడు తిరిగొస్తాయి, ఈ మూడూ చూడండి. సంతకం పెట్టేముందు ఒక కాపీ నాకు పంపండి, చదివి చెబుతాను.