ఏడో తరగతి పిల్లలతో ఆధారాలున్న వాదన ఎలా రాయించాలి?

పిల్లలు అభిప్రాయం చెప్తారు కానీ ఆధారం చూపించరు, ఏం చేయాలని అడిగారు కదా. ముందు టాపిక్ వాళ్ల ఊరిదే ఇవ్వండి. నల్గొండ వైపు అయితే నేను బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్యను టాపిక్‌గా ఇస్తాను. 'మా బోరు నీళ్లు తాగొద్దు' అంటే అది అభిప్రాయమే, నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మా బోరు పరీక్షలో అంతకంటే ఎక్కువ వచ్చింది, కాబట్టి తాగొద్దు అంటే వాదన అవుతుంది. ఈ 'కాబట్టి' దగ్గరే పిల్లలు తడబడతారు, అంకె రాసేసి ఊరుకుంటారు, ఆ అంకెకూ తాము చెప్పేదానికీ సంబంధం ఏంటో వాళ్ల నోటితోనే చెప్పించాలి, దీనికి చాలా ఓపిక కావాలి. నాయనమ్మను అడిగి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంకర పోయిన కాళ్ల సంగతి రాసుకొచ్చినా అదీ ఆధారమే, కాకపోతే ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కన రాయాలి.

ఎదుటివాళ్ల మాట కూడా ఒక పేరా రాయించండి: 'నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించవచ్చు కదా, ఆ నీళ్లు ఎందుకు తాగొద్దు?' దీనికి జవాబు వెతుక్కుంటూ పోతేనే వాళ్ల వాదన గట్టిపడుతుంది.

రాసిన వాదనను క్లాసులో చెప్పే ప్రెజెంటేషన్‌కి మూడు నిమిషాలు చాలు. కాగితం చూసి చదవనివ్వకండి, చిన్న చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.