అద్దం పగిలినా నోరు విప్పని అలారం
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: ఇంటి ముందు నిలిపిన కారు వెనక అద్దం పగలగొట్టి సీటు మీది బ్యాగు పట్టుకుపోయారు. తాళం వేసే ఉంది, కంపెనీ అలారం మాత్రం కిక్కురుమనలేదు. షోరూమ్‌లో చూపిస్తే బాగానే ఉందన్నారు. దానికే షాక్ సెన్సర్ కలపొచ్చా, కొత్త అలారం కొనాలా? (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

జవాబు: షోరూమ్ వాళ్లు చెప్పింది నిజమే. చాలా కార్లలో కంపెనీ అలారం కనిపెట్టేది తలుపులు, డిక్కీ, కొన్నిట్లో బానెట్ తెరుచుకున్నాయా అన్నది మాత్రమే. అద్దం పగిలి చెయ్యి లోపలికొచ్చినా, తలుపు తెరవనంతసేపు దాని లెక్కలో ఏమీ జరగనట్టే. కొత్త అలారం అక్కర్లేదు. ఉన్నదానికే షాక్ సెన్సర్ (దెబ్బను పసిగట్టే చిన్న పరికరం) కలపొచ్చు.

మీ కారుకు బానెట్ స్విచ్ ఉంటే పని సులువు. మామూలుగా బానెట్ ఎత్తగానే ఆ స్విచ్ తన తీగను ఎర్త్‌కు, అంటే కారు ఇనుప బాడీకి కలుపుతుంది, అలారం మోగుతుంది. షాక్ సెన్సర్ కూడా దెబ్బ తగలగానే తన అవుట్‌పుట్ తీగను సుమారు ఒక సెకను పాటు ఎర్త్ చేస్తుంది. ఆ తీగను తెచ్చి బానెట్ స్విచ్ తీగకు కలిపితే సరి. సెన్సర్ చేత ‘బానెట్ ఎత్తారు’ అని అలారానికి అబద్ధం చెప్పించడమే మనం చేసేది.

కత్తిరింపులు మొదలుపెట్టే ముందు మల్టీమీటర్ పట్టండి. స్విచ్ కనెక్టర్ ఊడదీసి, స్విచ్ పిన్నుల మధ్య (ఒకే పిన్ను ఉంటే దానికీ బాడీకీ మధ్య) ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడండి. స్విచ్ నొక్కి ఒకసారి, వదిలి ఒకసారి. నొక్కితే ఓపెన్ (సర్క్యూట్ తెగినట్టు), వదిలితే సున్నా దగ్గర చూపిస్తే పైన చెప్పిన పద్ధతి నేరుగా పనికొస్తుంది. దానికి తిరగబడి ఉంటే, అంటే బానెట్ మూసి ఉన్నప్పుడే సర్క్యూట్ కలిసి ఉంటే, తీగను కోసి మధ్యలో రిలే (కాయిల్‌కు కరెంటు ఇస్తే మారే స్విచ్) 30, 87ఏ కాళ్లు పెట్టాలి. కాయిల్‌కు కరెంటు లేనంతసేపు ఈ రెండూ కలిసి ఉంటాయి. సెన్సర్ ఆ రిలేను లాగితే సర్క్యూట్ తెగి అలారం మోగుతుంది. రెండు స్థితుల్లోనూ ఏదో ఒక రెసిస్టెన్స్ చూపించే స్విచ్‌లూ ఉన్నాయి. వాటి తీగను ఉత్తినే ఎర్త్ చేస్తే కంట్రోల్ మాడ్యూల్ (అలారాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) దాన్ని బానెట్ తెరిచినట్టు కాక వైరింగ్ లోపంగా చదవొచ్చు. అలాంటప్పుడు తెరిచిన స్థితిలో ఎన్ని ఓమ్స్ వచ్చిందో రాసుకుని, రిలే లాగినప్పుడు అలారం వైపుకు అంతే రెసిస్టెన్స్ కనిపించేలా కట్టాలి. తీగల్ని బల్బు టెస్టర్‌తో వెతకొద్దు. బల్బు లాగే కరెంటుకు మాడ్యూల్ పాడవొచ్చు. పసుపు తొడుగులో వెళ్లేవి ఎయిర్‌బ్యాగ్ తీగలు, వాటి జోలికి అసలే పోవద్దు.

నేరుగా కలిపేటప్పుడు సెన్సర్ అవుట్‌పుట్‌కూ బానెట్ తీగకూ మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఒకటి పెట్టండి. తెల్ల గీత ఉన్న కొస సెన్సర్ వైపు ఉండాలి, తిరగేస్తే ఏమీ మోగదు. డయోడ్ దగ్గర 0.6, 0.7 వోల్టు మిగిలిపోతుంది కాబట్టి కొన్ని కార్ల మాడ్యూల్ దాన్ని పూర్తి ఎర్త్‌గా ఒప్పుకోదు. అప్పుడు 1ఎన్5819 అనే షాట్కీ రకం డయోడ్ వేస్తే ఆ మిగులు సగానికి పైగా తగ్గుతుంది. రెండు సెన్సర్లు పెడితే దేనికి దానికి వేరే డయోడ్.

రెండు అంచెల సెన్సర్లకు రెండు అవుట్‌పుట్ తీగలుంటాయి. చిన్న తాకిడికి ఒకటి, గట్టి దెబ్బకు మరొకటి. కంపెనీ అలారానికి చిన్న హెచ్చరిక అనేదే తెలియదు కనుక గట్టి దెబ్బ తీగనే వాడి, రెండోదాని కొసకు టేప్ చుట్టి వదిలేయండి. రంగులు తయారీదారును బట్టి మారతాయి, కాగితం చూసి కలపండి.

ఎక్కువమంది పొరబడేది కరెంటు ఇచ్చే దగ్గర. సెన్సర్‌కు ఎప్పుడూ 12 వోల్టులు ఇచ్చేస్తే కారు నడుస్తుండగా గుంత తగిలినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద ‘బానెట్ తెరిచి ఉంది’ అని వెలుగుతుంది. దీనికి అయిదు కాళ్ల రిలే చాలు. 86కు ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే తీగ, 85కు ఎర్త్, 30కి 2 ఆంపియర్ల ఫ్యూజు గుండా బ్యాటరీ తీగ, 87ఏ నుంచి సెన్సర్ ఎర్ర తీగ. తాళం తిప్పగానే రిలే లాగి సెన్సర్‌ను పడుకోబెడుతుంది, ఆపగానే లేపుతుంది. రిలే కాయిల్ బండి నడిచేటప్పుడే కరెంటు తింటుంది కాబట్టి నిలిపి ఉంచిన బ్యాటరీకి దాని భారం లేదు. కాయిల్‌కు అడ్డంగా ఇంకో 1ఎన్4007, తెల్ల గీత 86 వైపు.

బానెట్ స్విచ్ లేని కార్లకు ఎడమవైపు తలుపు స్విచ్ తీగ వాడుకోవచ్చు, ఆ తీగనూ ముందు మల్టీమీటర్‌తో చూసుకున్నాకే. డ్రైవర్ తలుపు తీగ వద్దు. ఆ తలుపు తెరిచి ఉందనుకుంటే కొన్ని కార్లు తాళమే వేయవు. కొత్త బండి అయితే వారంటీ సంగతి కూడా ఆలోచించుకోండి. వైరింగ్‌లో చెయ్యి పెట్టారన్న కారణంతో విద్యుత్ లోపాలకు వారంటీ నిరాకరించే వీలుంది.

ప్రశ్న: సెన్సర్ పెట్టించాను. అర్ధరాత్రి ట్రెయిలర్ వెళ్లినప్పుడల్లా మోగి వీధంతా లేస్తోంది. తగ్గిస్తే అద్దం మీద కొట్టినా పలకడం లేదు. (గాజువాక, విశాఖపట్నం)

జవాబు: తిప్పాల్సింది సెన్సర్ మీది సున్నితత్వం స్క్రూ కాకపోవచ్చు. ముందు సెన్సర్ ఎక్కడ కట్టారో చూడండి. వైరింగ్ కట్టకు జిప్ టై వేసి వేలాడదీసి ఉంటే అది గడియారం లోలకంలా ఊగుతుంది. ట్రెయిలర్ తెచ్చే నెమ్మది కుదుపుకు పలుకుతుంది, అద్దం దెబ్బలోని చురుకు దాకా రాదు. స్టీరింగ్ కాలమ్‌ను పట్టే ఇనుప బ్రాకెట్‌కో, డ్యాష్‌బోర్డు వెనకి అడ్డ కమ్మీకో స్క్రూతో బిగించాలి. ప్లాస్టిక్ మీద డబుల్ టేప్ వేస్తే మన ఎండకు కొన్నాళ్లలో ఊడుతుంది.

తర్వాత సున్నితత్వం పూర్తిగా తగ్గించి మొదలుపెట్టండి. తాళం వేసి, అలారం కాపలాలోకి వచ్చేదాకా (చాలా కార్లలో అర నిమిషం లోపు) ఆగి, అద్దాల మధ్య స్తంభం మీద పిడికిలి అడుగు వైపుతో కొట్టండి. మోగకపోతే స్క్రూ ఒక పిసరు పెంచండి. ఒకసారి మోగాక కొన్ని సెకన్లు సెన్సర్ దెబ్బల్ని పట్టించుకోదు, కాబట్టి రెండు దెబ్బల మధ్య అర నిమిషం ఆగండి. ఆ ఓపిక లేక చాలామంది మెకానిక్‌లు అవసరానికి మించి తిప్పేస్తారు. నాలుగు స్తంభాల మీదా పలికాక, హైవే పక్కనే ఒక రాత్రి ఉంచి చూడండి.

ప్రశ్న: సెల్లార్‌లో మైక్రోవేవ్ సెన్సర్ మంచిదా? నెల రోజులు హైదరాబాద్ వెళ్తే బ్యాటరీ తట్టుకుంటుందా? (సీతమ్మధార, విశాఖపట్నం)

జవాబు: సెల్లార్‌లో వద్దు. ఈ సెన్సర్ కదలికను పసిగట్టడానికి వదిలే మైక్రోవేవ్ అద్దాల్లోంచి బయటికి పోతుంది, పక్క బండివాళ్లు నడిచినా మోగుతుంది. బ్యాటరీ లెక్క మీరే వేసుకోవచ్చు. నిద్రలో ఉన్న కారు 30 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే నెలకు, అంటే 720 గంటలకు, 21.6 ఆంపియర్ అవర్లు. షాక్ సెన్సర్ 5 మిల్లీ ఆంపియర్లు లాగితే ఇంకో 3.6, మైక్రోవేవ్ 20 లాగితే 14.4. మొత్తం 39.6. మీది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే మైక్రోవేవ్‌తో నెల గడవదు, సెన్సర్లు లేకపోయినా స్టార్ట్ కావడం అనుమానమే. వారానికోసారి ఎవరైనా అరగంట నడిపే ఏర్పాటు చేసుకోండి. అసలు లాగుడు తెలుసుకోవాలంటే మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో నెగటివ్ తీగకు వరుసలో పెట్టి, తాళం వేసి, మాడ్యూళ్లు నిద్రపోయేదాకా అరగంట ఆగి చూడండి.

ప్రశ్న: సెన్సర్ తీగ పీకేసినా వానాకాలం రాత్రుళ్లు అలారం మోగుతోంది. (రుషికొండ, విశాఖపట్నం)

జవాబు: సెన్సర్ తీసినా మోగుతోందంటే దోషం పాత వైరింగ్‌లోనే ఉంది. సముద్రపు ఉప్పు గాలికి ముందు చెడేది బానెట్ స్విచ్. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద ఆకుపచ్చ బూడిద, స్ప్రింగ్ మీద తుప్పు కనిపిస్తాయి. ఆ బూడిదకు తడి తగిలితే కరెంటు కాస్త కారుతుంది, మాడ్యూల్ దాన్ని బానెట్ తెరిచినట్టు చదువుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఆరాక కనెక్టర్‌లో డైఎలక్ట్రిక్ గ్రీజు (తడిని ఆపే, కరెంటు పారని గ్రీజు) పెట్టండి. సెన్సర్ కోసం వేసిన జాయింట్ కూడా విప్పించి చూడండి. తీగను కొరికి పట్టే నొక్కుడు కనెక్టర్ వాడి ఉంటే లోపల రాగి నల్లబడి ఉంటుంది. అక్కడిదాకా కోసి, సోల్డర్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని తీగను పట్టేసే గొట్టం) వేయించండి. ఇంత చేశాక కూడా స్విచ్ నొక్కి పట్టినప్పుడు ఓమ్స్ నిలకడగా లేకపోతే స్విచ్ మార్చేయండి. మార్చాక, బానెట్ మూసినప్పుడు అది పూర్తిగా నొక్కుకుంటోందో లేదో చూడటానికి దాని మీద చిన్న బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ వేసి తీయండి. ముద్ద అణగకపోతే స్విచ్ ఎత్తు పెంచాలి.