టెక్ సందేహాలు: పాత వాచీ ఒరిజినలేనా? ఫోన్‌ను ఏం అడగాలి, ఏం అడగకూడదు

"సార్, 1960ల నాటిదంటూ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన కీ వాచీ ఒకటి నాకు బాగా నచ్చింది. అమ్మే ఆయన పంపిన ఫోటోలను వాచీలు గుర్తుపట్టే యాప్‌లో పెడితే '94 శాతం ఒరిజినల్' అని వచ్చింది. అవే ఫోటోలకు ఇంకో యాప్ 'మార్పులు చేసిన వాచీ' అంది. వెనక మూత తీసిన ఫోటో మాత్రం ఆయన పంపలేదు. దేన్ని నమ్మాలి?"

రెండింటినీ నమ్మొద్దు. ఇదే ప్రశ్న కొద్దిపాటి తేడాలతో మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఈసారి మిగతా సందేహాలన్నీ పక్కన పెట్టాను.

ముందు ఆ 94 సంగతి. దేంట్లో 94 శాతం? డయల్‌లోనా, ముళ్లలోనా, కేసులోనా, లోపలి మిషన్‌లోనా? యాప్ చెప్పదు. మూసి ఉన్న మూత వెనక ఏ మిషన్ ఉందో ఫోటో చూసి ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా చెప్పలేడు. యాప్ మాత్రం ఎలా చెబుతుంది? అది చేసేదల్లా మీ ఫోటో తన దగ్గరున్న ఫోటోలకు ఎంత దగ్గరగా ఉందో చూడటం. ఆ పోలికకు శాతం వేసి, 'ఒరిజినల్' అని పేరు పెట్టి, స్క్రీన్ మధ్యలో పెద్ద అంకెగా చూపించడం నిర్లక్ష్యపు డిజైన్. 'ఈ ఫోటోలతో చెప్పలేను' అనే జవాబు కూడా యాప్‌లో ఉండాలి. అది లేని యాప్‌ను నమ్మి డబ్బు కట్టకండి.

పైగా 'ఒరిజినల్' అనేది అవును, కాదు అని తేలిపోయే మాట కాదు. అరవై ఏళ్లు నడిచిన వాచీకి అద్దం, కీ, లోపలి స్ప్రింగ్ మార్చి ఉండటం మామూలే. రిపేరుకు వచ్చిన వాచీలకు కంపెనీ సర్వీసు సెంటర్లే పాత డయల్, ముళ్లు తీసేసి కొత్తవి వేసిన సందర్భాలు కూడా ఎన్నో. పాత డయల్‌కు ఎవరో మళ్లీ రంగు వేసి అక్షరాలు కొత్తగా అచ్చు వేస్తే అది వేరే సంగతి. మూడు వాచీల ముక్కలు కలిపి ఒక వాచీగా అమ్మితే అది ఇంకా వేరు. కాబట్టి అమ్మే ఆయన్ని "ఒరిజినలేనా?" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. "డయల్ ఎప్పటిది? ముళ్లు మార్చారా? కేసు పాలిష్ చేయించారా?" అని ఒక్కో భాగం గురించి విడిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక ఫోటోల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. స్విస్ వాచీ అయితే డయల్ కింద ఆరు అంకె దగ్గర కంటికి ఆనీ ఆననట్టు 'స్విస్ మేడ్' అని ఉంటుంది చూడండి. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డయల్ అయితే భూతద్దం కింద ఆ అక్షరాల అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. సిరా అంతటా ఒకే మందంలో, డయల్ మీద కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మళ్లీ రంగు వేసిన డయల్ మీద అక్షరాల చివర్లు లావెక్కి ఉంటాయి, మధ్య ఖాళీలు సమానంగా ఉండవు, నిమిషాల గీతలు పక్కనే ఉన్న గంటల గుర్తులకు సూటిగా రావు. తేడా మొత్తం ఆ వెంట్రుకవాసి అంచులోనే ఉంది. ఈనాటి ఫోన్ కెమెరా ముందుగా చెరిపేసేది కూడా ఆ అంచునే. నాలుగైదు ఫోటోలు కలిపి ఒకటి చేస్తుంది, మరకను నాయిస్ (ఫోటోలో పడే అక్కర్లేని చుక్కలు) అనుకుని తుడిచేస్తుంది, మసకగా ఉన్న అక్షరాన్ని పదును పెడుతుంది. కొన్ని ఫోన్లు జూమ్ చేసినప్పుడు లేని గీతలను ఊహించి మరీ నింపుతున్నాయి. అక్షరాల చివర లావుగా ఉన్న సిరా ఆ ఫోటోలో చక్కగా, పదునుగా కనిపిస్తుంది.

ఈ విషయంలో నాకున్న కోపం వాచీలతో ఆగేది కాదు. బిల్లు మీద అంకె కావచ్చు, చర్మం మీద మచ్చ కావచ్చు, గోడలో పగులు కావచ్చు, జనం ఇప్పుడు ఫోటోను సాక్ష్యంగా వాడుతున్నారు. డాక్టరుకు చూపించే మచ్చను నునుపు చేసే కెమెరా ఎవరికి కావాలి? ఈ మెరుగులన్నీ ఒక్క నొక్కుతో ఆపేసే బటన్ ప్రతి ఫోన్‌లో ముందే కనిపించాలి. చాలా ఫోన్లలో అది సెట్టింగుల అడుగున ఎక్కడో దాక్కుని ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. ప్రతి అప్‌డేట్‌కూ మెరుగులు పెరుగుతున్నాయి, ఆపే దారి మాత్రం రావడం లేదు.

అందుకని ఫోటోల బదులు వీడియో అడగండి. కిటికీ పక్కన పగటి వెలుతురులో వాచీని చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పమనండి. బెల్టు పట్టే కొమ్ముల అంచుల మీద వెలుగు ఎలా జారుతుందో చూడండి. పాలిష్ పడని కేసులో అంచు దగ్గర వెలుగు గీత గీసినట్టు తెగుతుంది. పదేపదే పాలిష్ పట్టిన కేసులో సబ్బుముక్క మీద జారినట్టు గుండ్రంగా పోతుంది, వెనక మూత మీద చెక్కిన అంకెలు కూడా అరిగి పలచబడి ఉంటాయి.

"నేను కొన్న 1965 నాటి వాచీ రాత్రంతా రేడియం వెలుగుతూనే ఉంటోంది. ఇంత బాగా వెలుగుతోందంటే వాచీ కండిషన్ బాగున్నట్టే కదా?"

లేదు, అది అనుమానించాల్సిన విషయం. చీకట్లో వెలిగే ప్రతిదాన్నీ మనం రేడియం అనే అంటాం కానీ, వాచీల్లో వాడిన పదార్థాలు ముఖ్యంగా మూడు రకాలు. పాత వాచీల్లో ఉన్నది నిజంగా రేడియమే. దాని అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 1600 ఏళ్లు. రేడియం అలాగే ఉంటుంది కానీ దానితో కలిపిన వెలిగే పొడి కొన్నేళ్లకే దెబ్బతింటుంది. అంటే చీకట్లో వెలగని పాత డయల్ నుంచి కూడా రేడియేషన్ వస్తూనే ఉండొచ్చు. 1960ల నుంచి దాని స్థానంలో ట్రిటియం వచ్చింది. అలాంటి స్విస్ డయళ్లలో చాలావాటి మీద ఆరు అంకె దగ్గర 'స్విస్' అనే మాటకు అటూ ఇటూ 'టీ' అక్షరం కనిపిస్తుంది. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. 1965లో వేసినదాంట్లో ఇప్పుడు మిగిలేది దాదాపు ముప్ఫయ్యో వంతు. అది రాత్రంతా వెలిగే ప్రశ్నే లేదు. లైటు వెలుగును పీల్చుకుని గంటల తరబడి వెలిగే ఇప్పటి పదార్థం జపాన్‌లో 1993లో తయారైంది. మీ వాచీ కేసు 1965 నాటిదే కావచ్చు, దాని మీద వెలిగే రంగు మాత్రం తర్వాత వేసినదే. సర్వీసు సెంటర్ వేసిందా, బయట ఎవరైనా వేశారా అన్నది అమ్మిన ఆయన్నే అడగండి.

కొనే ముందే తెలుసుకోవాలంటే చిన్న యూవీ టార్చితో చీకటి గదిలో డయల్ మీద కొన్ని సెకన్లు వెలుగు వేసి, ఆపి, వీడియో తీయమనండి. పాత రంగు టార్చి ఆపగానే, లేదంటే క్షణాల్లో, చల్లారిపోతుంది. కొత్తది వెలుగుతూనే ఉంటుంది. డయల్ మీద చుక్కలు ఒక రకంగా, ముళ్లు ఇంకో రకంగా ప్రవర్తిస్తే రెండూ ఒకేసారి వేసినవి కావేమోనని ఆలోచించాలి. ఒక్క జాగ్రత్త. రేడియం కాలం వాచీ అని అనుమానం ఉంటే మూత తెరిచి గీకడం, తుడవడం, ఊదడం లాంటివి ఇంట్లో అస్సలు చేయొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం చాలా ప్రమాదం.

"మూత తెరవకుండా లోపలి మిషన్ గురించి ఏమీ తెలుసుకోలేమా?"

కొంత తెలుసుకోవచ్చు. ఇక్కడ ఫోన్ నిజంగా పనికొస్తుంది. మెకానికల్ వాచీ సెకండ్ల ముల్లు జారుతున్నట్టు కనిపించినా నిజానికి చిన్న చిన్న అడుగులు వేస్తుంది. గంటకు 18,000 కొట్టుకునే మిషన్ సెకనుకు ఐదు అడుగులు వేస్తుంది, 28,800 అయితే ఎనిమిది. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ముల్లును దగ్గరగా వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ లెక్కపెట్టండి. ముల్లు ఒక చోట ఆగి మళ్లీ కదలడానికి 48 ఫ్రేములు పడితే అది 18,000 మిషన్. 40 అయితే 21,600. 30 అయితే 28,800. ఆ మోడల్‌కు కంపెనీ 18,000 మిషన్ మాత్రమే వేసిందని పాత కేటలాగులో ఉండి, మీకు లెక్కలో 30 వస్తే లోపల ఉన్నది వేరే మిషన్. ముల్లు సెకనుకు ఒక్కసారే దూకుతుంటే దాదాపు కచ్చితంగా బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్. చేతికి పెట్టుకునే క్వార్ట్జ్ వాచీ మొదటిసారి మార్కెట్లోకి వచ్చిందే 1969 డిసెంబరులో. లెక్క సరిపోయినంత మాత్రాన ఒరిజినల్ అని అర్థం కాదు, అదే వేగంతో నడిచే మిషన్లు చాలా ఉన్నాయి. లెక్క తప్పితే మాత్రం వాదించడానికి ఏమీ మిగలదు.

టిక్ టిక్ విని వేగం చెప్పే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటికి మైక్ పర్మిషన్ అవసరమే. కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే వెంటనే తీసేయండి.

"మూత మీది సీరియల్ నంబరు స్పష్టంగా ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తే చరిత్ర మొత్తం చెబుతామని ఒక యాప్ అంటోంది. చేయొచ్చా?"

వద్దు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే. మీ వాచీ ఫోటోలు, సీరియల్ నంబరు కలిసి ఒకరి చేతిలో పడితే, వాళ్ల దగ్గర వాచీ లేకుండానే అమ్మకానికి పెట్టొచ్చు. కొనేవాళ్లు నంబరు సరిచూసుకుంటే సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే అది నిజమైన నంబరు. అదే నంబరును నకిలీ మూత మీద చెక్కే వీలు కూడా ఉంది. రేపు మీరు మీ వాచీ అమ్మబోతే, ఇదే నంబరుతో ఇంకోటి ఇదివరకే తిరుగుతోందని మిమ్మల్నే అనుమానిస్తారు. దానికి తోడు ఫోన్ కెమెరాకు లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇంట్లో తీసిన ప్రతి ఫోటోలోనూ మీ ఇల్లు ఎక్కడుందో నమోదై ఉంటుంది. విలువైన వస్తువు, దాని నంబరు, అది ఉన్న చోటు, మూడూ ఒకే ఫైల్‌లో పెట్టి పేరు కూడా తెలియని సర్వర్‌కు పంపుతున్నారు. యాప్ తర్వాత డిలీట్ చేసినా ఆ ఫైల్ వెనక్కి రాదు.

ఎవరికైనా చూపించాల్సి వస్తే చివరి మూడు అంకెల మీద కాగితం ముక్క అంటించి ఫోటో తీయండి. ఎడిటింగ్‌లో బ్లర్ చేయడం కన్నా అదే మేలు. గ్యాలరీ మొత్తానికి పర్మిషన్ ఇవ్వకుండా ఆ ఒక్క ఫోటోనే ఎంచుకోండి. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫోటోగా పంపితే లొకేషన్ వివరాలు తీసేస్తాయి, అదే డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్లిపోతాయి. పూర్తి నంబరు చెప్పాల్సి వస్తే తయారుచేసిన కంపెనీకి మాత్రమే, మీరే నేరుగా చెప్పండి. కొన్ని కంపెనీలు పాత రికార్డులు చూసి ఆ నంబరు వాచీ ఎప్పుడు తయారైందో, లోపల ఏ మిషన్ వేశారో కాగితం ఇస్తాయి. ఆ కాగితం ఫ్యాక్టరీ గడప దాటిన రోజు సంగతి మాత్రమే చెబుతుంది, ఈరోజు లోపల ఏముందో దానికి తెలియదు. అమ్మే వాళ్లు పంపిన పీడీఎఫ్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, దాన్ని మార్చడం ఐదు నిమిషాల పని.

వాచీ నిజంగా వాళ్ల దగ్గర ఉందా అన్నది తేల్చుకోవడానికి ఇదివరకు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఫోటో తీయమనేవాళ్లం. ఇప్పుడు అలాంటి ఫోటో కృత్రిమంగా తయారవుతోంది. వీడియో కాల్ చేయండి. కాల్‌లో ఉండగానే ముళ్లను మీరు చెప్పిన టైముకు, ఉదాహరణకు నాలుగు గంటల పదిహేడు నిమిషాలకు, తిప్పమనండి. కుదరదన్నా, కెమెరా పాడైందన్నా అక్కడితో వదిలేయండి. ముందు పరీక్ష ఫీజు కట్టండంటూ లింకు పంపినా, స్క్రీన్ షేర్ చేయమన్నా మాట్లాడకుండా బ్లాక్ చేయండి.

"పాత డిజిటల్ వాచీ ఒకటి కొన్నాను. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు. ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందేనా?"

అయ్యుండొచ్చు, కాకపోవచ్చు కూడా. ఎల్‌సీడీ తెర మీద ఉండే పోలరైజర్ పొరను (వెలుగును ఒక దిశలోనే పోనిచ్చే పలచటి పొర) తీసి, తొంభై డిగ్రీలు తిప్పి అంటిస్తే తెల్లటి తెర నల్లగా మారుతుంది. ఇంట్లో చేసుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. తెర మూలల్లో పొర అంచు, కింద చిక్కుకున్న దుమ్ము, గాలి బుడగలు కనిపిస్తాయేమో భూతద్దంతో చూడండి. చాలా డిజిటల్ వాచీలకు వెనక మూత మీద మాడ్యూల్ (లోపలి ఎలక్ట్రానిక్ మిషన్) నంబరు ఉంటుంది, లోపలి మాడ్యూల్ మీద కూడా అదే నంబరు ఉండాలి. ఈసారి బ్యాటరీ మార్పించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడి ఆ రెండు నంబర్లూ ఒక కాగితం మీద రాసుకోండి.