వంద గజాల దూరానికి ఏ గుండు?

చిరంజీవి అబ్బాయికి,

కావలి నుంచి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకు నువ్వు తుపాకి కొన్నావన్న కోపం ఇంకా తగ్గలేదు. దాని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు కంగారు పడకు.

వంద గజాల దూరం కొట్టడానికి ఎంత బరువు గుండు తీసుకోవాలని ఫోనులో అడిగావు. దానికి 147 అని ఒక్క అంకెతో జవాబు చెప్పవచ్చు. కానీ ఎందుకో తెలియకుండా పుచ్చుకున్న జవాబు గాలి మారిన రోజున అక్కరకు రాదు. అందుకే తీరికగా రాస్తున్నాను.

నీ దగ్గర ఉన్నది 16 అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న 9 ఎం.ఎం. కార్బైన్, అంటే పొట్టి రైఫిల్. కొట్టాలనుకుంటున్నది వంద గజాల టార్గెట్. దుకాణంలో 115, 124, 147 గ్రెయిన్ల గుండ్లు చూపించారన్నావు. గ్రెయిన్ అంటే గుండు బరువు చెప్పే కొలత. గ్రాముల్లో చెప్పాలంటే సుమారు ఏడున్నర, ఎనిమిది, తొమ్మిదిన్నర. మా పటాలంలో ఈ బేరం లేదు. కాన్పూరులో తయారైన 1ఏ1 కార్బైన్, ఇచ్చిన తూటా, అంతే. దాని వెనక సైటులో, అంటే గురి చూసే అమరికలో, 100 గజాలకొకటి, 200 గజాలకొకటి రంధ్రాలు ఉండేవి. ఆ రెండో రంధ్రం మాట ఎత్తితే, అంత దూరం దీనితో కొడతావా అని మాకు నేర్పే ఉస్తాద్ నవ్వేవాడు.

దుకాణదారు 115 తీసుకోమన్నాడంటే ఆశ్చర్యం లేదు. అది చవక, వేగం ఎక్కువ. నీ కార్బైన్ నుంచి సెకనుకు 390 మీటర్ల పైచిలుకు వేగంతో బయలుదేరుతుంది. 147 అయితే 310 దగ్గర ఆగిపోతుంది. అంకెలు చూసిన ఎవరికైనా మొదటిదే మేలనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ధ్వని వేగం 20 డిగ్రీల వేడిలో సెకనుకు 343 మీటర్లు. మీ టెక్సాస్ ఎండలో, మన రోహిణి కార్తెలో అది 355 దాకా పోతుంది. ఆ హద్దు దగ్గరా, దాని పైనా గాలి గుండును గట్టిగా అడ్డుకుంటుంది. 115 గుండు పొట్టిది, తేలికది. హద్దుకు పైన బయలుదేరి, ఆ అడ్డంకికి వేగమంతా ధారపోసి, వంద గజాలు చేరేలోపే హద్దు దిగువకు జారుతుంది. 147 మొదటినుంచీ హద్దుకు కిందే ఉంటుంది కనుక నష్టపోయేది తక్కువ. వంద గజాల దగ్గర రెండింటి వేగాల మధ్య తేడా చాలావరకు కరిగిపోతుంది.

పక్కగాలి సంగతి మరీ విచిత్రం. గుండు గాలిలో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి పక్కకు పోతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. అడ్డంకి లేకపోతే ఎంతసేపట్లో చేరేది, నిజానికి ఎంతసేపు పట్టింది అన్న తేడాను బట్టి పోతుంది. అంటే దారిలో వేగం ఎక్కువ పోగొట్టుకున్నదే ఎక్కువ తప్పుతుంది. గంటకు 18 కిలోమీటర్ల పక్కగాలి వీస్తే వంద గజాల దగ్గర 115 గుండు పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు పక్కకు పోతే, 147 అందులో సగమే పోతుంది. నమ్మకం కుదరకపోతే పోటీల్లో కొట్టేవాళ్లను చూడు. 50 మీటర్ల పిస్టల్ పోటీలో .22 తూటా వాడతారు. అందులో 40 గ్రెయిన్ల గుండును కావాలనే ధ్వని వేగానికి దిగువన ఉంచుతారు. వేగం పెంచడం చేతకాక కాదు. ఆ పోటీని 2016 రియో తరవాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు, నాకది ఇప్పటికీ మింగుడు పడదు.

తుమ్మలపెంట ఒడ్డున మధ్యాహ్నం దాటాక వచ్చే సముద్రపు గాలి నీకు గుర్తుండే ఉంటుంది, ఒకసారి వచ్చిందంటే ఒకే దిక్కు నుంచి ఒకే తీరున వీస్తుంది. అలాంటి గాలిని లెక్కకట్టవచ్చు. మీ వైపు మైదానాల గాలి వచ్చి పోతూ ఉంటుందని నువ్వే అన్నావు. అలాంటి చోట తక్కువ తప్పే గుండే నేస్తం.

147కు ఒక లోపం ఉంది, దాచను. కిందికి ఎక్కువ పడుతుంది. బ్యారెల్ గీత నుంచి లెక్కేస్తే వంద గజాలకు దాదాపు మూరెడు. 115 అయితే అందులో మూడింట రెండు వంతులు. కానీ పడటం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, గాలి అలా ఉండదు. దూరం తెలిసిన రేంజిలో పడే లెక్క సైటు చూసుకుంటుంది. వంద గజాలకు జీరో చేసుకుంటే, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సైటు సరిచేసుకుంటే, యాభై దగ్గర గుండు నాలుగు వేళ్ల ఎత్తున పోతుంది, అది గుర్తుంచుకో. దూరం తెలియని టార్గెట్లు కొట్టే పోటీలకు పోయేటట్టయితే మాత్రం నా సలహా తిరగేసి 115 తీసుకో.

124 గురించి ఎక్కువ చెప్పను. నాటో సైన్యాల్లో ఎక్కువగా కనిపించే బరువు అదే, మంచి తూటాయే. ఈ ఒక్క పనికి మాత్రం అటూ ఇటూ కానిది.

ఇంత చెప్పినా ఆఖరి మాట నాది కాదు, నీ బ్యారెల్‌ది. మూడు బరువుల్లోనూ ఒక్కో పెట్టె కొను. గాలి లేని తెల్లవారుజామున ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో బరువుతో పదేసి రౌండ్లు కొట్టి గ్రూపింగ్ చూడు, అంటే గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా తగిలాయో చూడు. మూడు రౌండ్లు కొట్టి, రూపాయి బిళ్లంత గ్రూపు వచ్చిందని నాకు ఫోటో పంపావే, అలా కాదు. మూడు రౌండ్లు ఎవరినైనా మోసం చేస్తాయి. బరువు మార్చిన ప్రతిసారీ జీరో మళ్లీ చూసుకో. 115 మిగతా రెండింటికంటే బాగా చిన్న గ్రూపు ఇస్తే నా లెక్కలన్నీ పక్కన పెట్టి అదే వాడు. తూటాలు ఇంట్లో సొంతంగా తయారు చేసుకునే ఆలోచన ఉంటే ఏడాది ఆగు.

చిన్న తూటా కదా అని వెనక మట్టికట్ట లేనిచోట కొట్టవద్దు. పైకెత్తి పేలిస్తే 9 ఎం.ఎం. గుండు మైలు దాటిపోతుంది. ఇనుప పలకను దగ్గర నుంచి కొట్టవద్దు, ముక్కలు వెనక్కి వస్తాయి. కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు లేకుండా తుపాకి ముట్టుకోకు.

ఇంకొకటి. సంక్రాంతికి వచ్చేటప్పుడు రేంజికి తీసుకెళ్లే సంచీ తెచ్చుకోవద్దు. వేరే సంచీ తెచ్చినా దాని అరలన్నీ తిరగేసి దులుపు, ప్యాంటు జేబులు కూడా. మన దేశంలో 9 ఎం.ఎం. మామూలు పౌరులకు నిషేధించిన బోరు (గొట్టం కొలత). మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. అప్పుడు పండగ మూడు రోజులూ నేను, మీ నాన్న వకీలు ఇంటి అరుగు మీద కూర్చోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న