ఈ-రీడర్ కొనేముందు సెక్యూరిటీ ప్యాచ్ తేదీ అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఈ-రీడర్ (పుస్తకాలు చదువుకునే పరికరం) ప్రకటన చూశాను. "సరికొత్త ఈ-రీడర్, ఆండ్రాయిడ్ 11, అన్ని యాప్‌లూ పనిచేస్తాయి" అని ఉంది. ఆ అంకె చూసి డబ్బు కట్టేయకు. ఆండ్రాయిడ్ 11 వచ్చింది 2020 సెప్టెంబరులో. గూగుల్ దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్‌లు) 2024 మొదట్లోనే ఆపేసింది. ఆండ్రాయిడ్ 8.1 అని ఉంటే అది మరీ పాతది, 2017 డిసెంబరుది.

ఫోనుకు వచ్చినట్టు దీనికీ కొత్త వెర్షన్ వస్తుందనుకోకు. కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెరను నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ని ఆ చిప్‌కి, ఆండ్రాయిడ్ అడుగున ఉండే కెర్నల్ అనే మూలభాగానికి తగ్గట్టు రాస్తారు. ఆండ్రాయిడ్ మారిస్తే ఆ పనంతా మళ్లీ మొదలు. అందుకే చాలామంది తయారీదారులు పాతదాని మీదే తమ రీడర్ యాప్‌కి మెరుగులు దిద్ది, "తాజా ఫర్మ్‌వేర్" (తయారీదారు పరికరంలో పెట్టే సాఫ్ట్‌వేర్) అని రాస్తారు. ఫర్మ్‌వేర్ నంబరు వేరు, ఆండ్రాయిడ్ వెర్షన్ వేరు. మోసపోయేది ఇక్కడే.

అమ్మేవాళ్లను చాట్‌లోనో మెయిల్‌లోనో అడుగు, ఫోన్లో వద్దు: ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంత, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఏది, ప్లే స్టోర్‌కి గూగుల్ సర్టిఫికేషన్ ఉందా? తేదీ చెప్పకుండా "లేటెస్టే సార్" అంటే వదిలెయ్యి. ప్రకటన పేజీని తేదీ, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచు. తర్వాత ఆ వాక్యం మార్చేయడం వాళ్లకు నిమిషం పని.

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తియ్యి. ఆన్ చేశాక, నీ గూగుల్ అకౌంట్ ఇవ్వకముందే, సెట్టింగ్స్ చివర్లో ఉండే "అబౌట్"లోకి వెళ్లు. అక్కడ "ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్" అనే వరుస పక్కన ఒక తేదీ ఉంటుంది. అది రెండు మూడేళ్ల కిందటిదైతే ఆ తెరనూ ఫొటో తీసిపెట్టుకో. ఆ వరుసే కనిపించకపోతే ఇంకా అనుమానించాలి.

కేబుల్‌తో ఈపబ్‌లు (ఈ-పుస్తకాల ఫైళ్లు) ఎక్కించుకుని చదవడానికే అయితే పాత వెర్షన్‌తో పెద్ద నష్టం లేదు, వైఫై ఆపి ఉంచు. బ్యాంకు, యూపీఐ, మెయిల్ మాత్రం అందులో పెట్టకు. బ్రౌజర్ కూడా వెనకబడుతుంది: ఆండ్రాయిడ్ 8, 9లకు క్రోమ్ 138తోనే ఆగిపోయింది.

ప్రకటనకీ వస్తువుకీ పొంతన లేకపోతే రిటర్న్ గడువు దాటనివ్వకు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యి. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. బిల్లు, స్క్రీన్‌షాట్, "అబౌట్" ఫొటో మూడూ జత చెయ్యడం మరిచిపోకు.

ఇట్లు,
బాబాయి